మహారాజశ్రీ సిమిలారిటీ పర్సంటేజీ గారి సముఖానికి

మహారాజశ్రీ సిమిలారిటీ పర్సంటేజీ గారికి,

ఇంజినీరింగ్, బయాలజీ, కెమిస్ట్రీ, సోషల్ సైన్సెస్ విభాగాల స్కాలర్లు, వాళ్ల గైడ్లు ఉమ్మడిగా చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. థీసిస్‌లో ఎన్ని మాటలు పాత రాతలతో కలిశాయో చెప్పే శాతం తమరు; తమరు 10 లోపు ఉన్నంతకాలం క్షేమంగానే ఉంటాం.

2018లో యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ గెజిట్ సాక్షిగా తమరికి పట్టం కట్టింది. థీసిస్‌లో 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా వెళ్తే ఏడాదిపాటు సరిదిద్దిన ప్రతి ఇవ్వడానికి కూడా వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదే గెజిట్‌లో ఇంకొన్ని మాటలూ ఉన్నాయి. మూలం చెప్పి ఉటంకించిన భాగం, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. యాదృచ్ఛికంగా వరసగా 14 పదాల దాకా కలిస్తే అదీ వదిలేయాలి. కానీ అక్కడి దాకా చదివే ఓపిక ఎవరికుంది? ఫైలు మీద రాసుకోవడానికి ఒక అంకె ఉంటే ఆఫీసుకు చాలు. ఆ అంకె తమరయ్యారు.

తమరి జన్మవృత్తాంతం మాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ థీసిస్‌ను చిన్న చిన్న పదాల వరసలుగా విడగొట్టి, ఒక్కో వరసకు ఒక కోడ్ తీసి, తన దగ్గరున్న వెబ్ పేజీలు, జర్నల్ వ్యాసాలు, పాత థీసిస్‌ల కోడ్‌లతో పోల్చి చూస్తుంది. కలిసిన పదాలను మొత్తం పదాలతో భాగించి వందతో గుణిస్తే తమరు పుడతారు. దొంగతనమన్న మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు కూడా, మేం పోలికే చూపిస్తాం, తీర్పు మనుషులే చెప్పాలి అంటారు. మా దగ్గరికొచ్చేసరికి తీర్పు కూడా తమరే చెప్పేస్తున్నారు.

భాగహారం అన్నాక హారంతో ఆడుకోవచ్చు. 150 పేజీల థీసిస్‌లో 12 శాతం అంటే 18 పేజీలంత పోలిక. వెనక ఓ 50 పేజీల పరికరాల ప్రింటవుట్లు అనుబంధంగా కుట్టేస్తే ఆ 18 పేజీలు ఎక్కడివక్కడే ఉంటాయి, తమరు మాత్రం 9కి దిగొస్తారు. ఎవరూ చదవని కాగితం ఎంత కలిపితే స్కాలర్ అంత నిజాయితీపరుడు. లైబ్రరీలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందన్నదాన్ని బట్టి కూడా తమరి విలువ మారుతుంది. యూనివర్సిటీలకు పోలికలు చూసే సాఫ్ట్‌వేర్ ఇచ్చే శోధ్‌శుద్ధి పథకం కింద యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో ఉర్కుండ్ ఇచ్చింది, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది, కొన్నిచోట్ల టర్నిటిన్ ఉంది. ఒక్కోదాని గోదాములో ఒక్కో సరుకు. ఒకచోట 8 వచ్చిన ఫైలు ఇంకోచోట 17 కావచ్చు. రెండు చోట్లా స్కాలర్ ఒకడే, థీసిసూ ఒకటే.

అసలు గొడవ మెథడ్స్ చాప్టర్‌తో. పరిశోధనలో ఒకరు చేసిన పని ఇంకొకరు అచ్చం అలాగే చేయగలగాలి, అందుకోసమే ఆ చాప్టర్ ఉంది. అచ్చం అలాగే చేసినవాళ్లు అచ్చం అలాగే రాస్తారు. తమరికి అక్కడే ఒళ్లు మండుతుంది.

సివిల్ ఇంజినీరింగ్ చూడండి. ఎం30 గ్రేడు కాంక్రీటు మీద పనిచేసేవాళ్లందరూ 150 మిల్లీమీటర్ల క్యూబులే పోస్తారు. 24 గంటలకు అచ్చు విప్పి, 27 డిగ్రీల అటూఇటూ నీళ్లలో నానబెట్టి క్యూరింగ్ చేసి, 7 రోజులకు, 28 రోజులకు కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్ కింద పెడతారు. కాంక్రీటు పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 516 అలా చెయ్యమంది. ఈ పేరా అప్‌లోడ్ చేయగానే థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోని సివిల్ థీసిస్‌లన్నీ రంగురంగులుగా వెలుగుతాయి. దాంతో స్కాలర్ మాటలు మార్చి రాసే పారాఫ్రేజింగ్ టూల్ తెరిచి 'క్యూరింగ్'ను 'హీలింగ్' చేస్తాడు. బ్యాక్టీరియా కలిపి, పగుళ్లు తమంతట తామే పూడుకునేలా చేసిన కాంక్రీటు మీద పనిచేసేవాళ్ల మాట అది. వైవాలో ఎగ్జామినర్ 'మీరు వాడిన బ్యాక్టీరియా ఏది?' అని అడిగినప్పుడు తమరు అక్కడ ఉండరు.

బయాలజీలో ఇంకా ప్రమాదం. డీఎన్‌ఏ ప్రతులు పెంచే పీసీఆర్‌లో 94 డిగ్రీల దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర ఒక నిమిషం, ఇలా 35 సైకిళ్లు అన్న వాక్యాన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాస్తారు? అంకెలు మార్చలేరు కాబట్టి యూనిట్ల మీద పడతారు. జంతు కణాలను 1,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేశారనుకోండి. మాట మారితే చాలుననుకుని ఒకరు దాన్ని '1,500 జీ' అని, అంటే భూమ్యాకర్షణకు 1,500 రెట్ల బలమని రాస్తారు. 8 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటర్‌లో 1,500 ఆర్‌పీఎమ్ అంటే సుమారు 200 జీ మాత్రమే. 1,500 జీ కావాలంటే 4,100 ఆర్‌పీఎమ్ దాకా తిప్పాలి. ఆ థీసిస్ చదివి ప్రయోగం చేసినవాడు ఏడున్నర రెట్ల బలంతో కణాలను అడుక్కి కొట్టి, సగం చచ్చాక, కల్చర్ మీడియా బాగాలేదని సప్లయర్‌తో పోట్లాడతాడు.

కెమిస్ట్రీవాళ్ల సంగతి వేరే. వాళ్ల ప్రయోగ భాగమంతా మంత్రపాఠం: ఇథైల్ ఎసిటేట్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేసి, బ్రైన్‌తో కడిగి, ఆన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ మీద ఆరబెట్టి, వడగట్టి, తగ్గించిన పీడనంలో సాల్వెంట్ తీసేసి, సిలికా జెల్ కాలమ్ వేయాలి. ఇందులో ప్రతి మాటకూ ఒక పని ఉంది. 'ఆన్‌హైడ్రస్' (నీళ్లు లేని) అన్న మాట బరువుగా ఉందని తీసేస్తే, అప్పటికే నీళ్లు పట్టి ఉన్న లవణం ఇంకా ఏ నీళ్లను పడుతుంది? 'రిఫ్లక్స్' (ఆవిరిని కండెన్సర్‌తో చల్లార్చి వెనక్కి పంపుతూ మరిగించడం) బదులు 'మరిగించారు' అని రాశారనుకోండి. టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్ 66 డిగ్రీలకే మరుగుతుంది, కండెన్సర్ లేకుండా 12 గంటలు ఉంచితే ఫ్లాస్కులో మిగిలేది మాడు. '0 డిగ్రీల దగ్గర 30 నిమిషాలపాటు చుక్కచుక్కగా' అన్నది పొడుగైందని 'కలిపారు' అని కుదిస్తే, ఎసిడ్ క్లోరైడ్ ఒక్కసారిగా గుమ్మరించిన జూనియర్ ముఖాన పడేది ఆ తేడాయే. ఈ చాప్టర్‌లో తమరు ఒక శాతం తగ్గితే మాకు సంతోషం కలగదు, ఏ మాట ఎగిరిపోయిందోనని వెతుక్కుంటాం.

సోషల్ సైన్సెస్‌లో మాటలేగా, మార్చుకోవచ్చనుకుంటున్నారేమో. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ కొలమానం 1965 నాటిది. మొత్తం 10 వాక్యాలు, అందులో సగం తనను తాను మెచ్చుకునేవి, సగం తక్కువ చేసుకునేవి. ఎంత ఒప్పుకుంటారన్నదానికి పాయింట్లు ఒకటి నుంచి నాలుగు దాకా ఇచ్చినప్పుడు తక్కువ చేసుకునే వాక్యాలకు స్కోరు తిరగేయాలి: నాలుగుకు ఒకటి, మూడుకు రెండు. ప్రశ్నావళిని అక్షరం పొల్లుపోకుండా వాడితేనే పాత అధ్యయనాలతో పోల్చడానికి వీలుంటుంది. అనుబంధంలో పెట్టిన ఆ పది వాక్యాలనూ తమరు ఎర్రగా చూపిస్తారు. సర్వేకు ముందే తమరికి భయపడిన స్కాలర్ వాక్యాలు తిప్పి రాస్తాడు. ఆ తిప్పడంలో ఒక నెగెటివ్ వాక్యం పాజిటివ్ అయిపోతుంది, స్కోరింగ్ కీ మాత్రం పాతదే. ఆ ఒక్క ప్రశ్న మిగతా వాటికి ఎదురు తిరిగి, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 కిందకి జారవచ్చు. చివరికి 'గ్రామీణ యువతలో ఈ కొలమానం పనిచేయడం లేదు' అని కొత్త ఆవిష్కరణ రాసుకుంటాడు.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. తమరి భయంతో మెథడ్స్ చాప్టర్లన్నీ ఉలిపికట్టెలవుతున్నాయి. ఇది మన దగ్గరే కాదు. 2021లో గిలోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ కలిసి జర్నల్ వ్యాసాల్లో మెలికలు తిరిగిన మాటల్ని వెతికి పట్టుకున్నారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్', సిగ్నల్ టు నాయిస్ బదులు 'ఫ్లాగ్ టు కమోషన్', బ్రెస్ట్ క్యాన్సర్ బదులు 'బోసమ్ పెరిల్'. అచ్చయ్యాయి సార్, ఇవన్నీ అచ్చయ్యాయి. తమరి దగ్గర సున్నా కొట్టే భాష ఇదే. ఇంతకు ముందెవరూ అలా రాసి ఉండరుగా.

ఇక తమరి కళ్లకు ఆననివి. లేని డేటా కల్పించి, కూర్చుని కొత్త వాక్యాల్లో రాస్తే తమరు చల్లగా 2 చూపిస్తారు. డబ్బిచ్చి వేరేవాళ్లతో రాయించుకున్నా అంతే, కొత్తగా రాసినందుకేగా వాళ్లకు డబ్బులిచ్చేది. బొమ్మలైతే తమరు చూడనే చూడరు. 2016లో ఎలిజబెత్ బిక్ బృందం 20,621 బయోమెడికల్ వ్యాసాలు కళ్లతో చూసి, 3.8 శాతం వ్యాసాల్లో ప్రోటీన్లను చారలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ల వంటి బొమ్మలు అనుచితంగా రెండోసారి వాడినట్టు తేల్చింది. ఒకే బ్యాండును తిప్పి పక్క ప్రోటీన్‌గా అతికించినా, చుట్టూ ఉన్న వాక్యాలు కొత్తవైతే తమరి ఆశీస్సులు దక్కుతాయి.

తెలుగు శాఖవాళ్లు మాత్రం తమరికి శాశ్వతంగా రుణపడి ఉంటారు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన థీసిస్ తెర మీద తెలుగులానే కనబడుతుంది గానీ, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, విచిత్రమైన గుర్తులు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగని కూడా తెలియదు. దేనితో పోల్చాలో తెలియక సున్నా ఇస్తుంది. ఆ సున్నాను లైబ్రరీ స్టాంపు వేసి మరీ ఇస్తుంది. బుద్ధిగా యూనికోడ్‌లో టైపు చేసి, నలుగురికీ దొరికేలా పెట్టినవాడే ఇరుక్కుంటాడు. సీస పద్యం, కింద ఎత్తుగీతి పేజీ మధ్యలో పెట్టి, కోట్ గుర్తులు వేయకపోతే కవి పద్యం ఇతని చౌర్యం అవుతుంది. పద్యానికి కోట్ గుర్తులేమిటని తెలుగువాళ్లు అడుగుతారు. ఆ 14 పదాల మినహాయింపు కూడా ఇంగ్లిష్ కొలతే. విభక్తులూ క్రియలూ అంటుకుపోయే తెలుగులో 14 పదాలంటే రెండు మూడు వాక్యాలు.

తమరిని చదవడం రానివాళ్ల చేతిలో తమరు పడ్డారనేదే మా బాధ. 24 చోట్ల నుంచి ఒక్కోటి ఒక శాతం లోపు కలిసి మొత్తం 19 వచ్చిందంటే, అది ఎక్కువగా ఆ సబ్జెక్టులో అందరూ వాడే భాష. 9 వచ్చి, అందులో 6 ఒకే వ్యాసం నుంచి, అదీ డిస్కషన్ చాప్టర్‌లో ఉంటే, ఆ స్కాలర్‌ను గదిలోకి పిలిచి తలుపు వేసుకుని మాట్లాడాలి. మొదటివాడిని ఆపి రెండోవాడికి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు తమరి పేరు మీద నడుస్తోంది.

కనుక మా కోరికలు కొద్దివే. ఒకే అంకెగా దర్శనమివ్వడం మానండి. చాప్టర్‌వారీగా రండి: మెథడ్స్‌లో ఎంత, రివ్యూలో ఎంత, ఫలితాల్లో ఎంత, చర్చలో ఎంత. అన్నిటికంటే పెద్ద మూలం నుంచి ఎంత వచ్చిందో మొదటి పేజీలోనే చూపండి. రిఫరెన్సులు, కోట్లు, 14 పదాల లోపు పోలికలు వదిలేసే మూడు సెట్టింగులూ ఆన్‌లో ఉన్నాయో లేదో సర్టిఫికెట్ మీద రాయించండి. ఎందుకంటే ఇవి పెట్టడం మరిచిపోయి రిఫరెన్సుల చాప్టర్‌నే చౌర్యం కింద లెక్కగట్టిన రిపోర్టులు ఉన్నాయి. రంగురంగుల పేజీలు గైడ్ తిప్పి చూశారనడానికి ప్రతి చాప్టర్ చివరా ఒక సంతకం అడగండి. తమరికి పని తగ్గుతుంది, గైడ్లకు పెరుగుతుంది. ఈ చివరి అంశంపై సంతకం పెట్టడానికి మాలో కొందరు గైడ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

ఇట్లు,
తమరి 10 శాతం నీడలో బతుకుతున్నవారు

తా.క.: డ్రాఫ్టు ఊరికే చూసుకోవడానికి పెట్టేటప్పుడు రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ గోదాములో) దాచవద్దన్న ఆప్షన్ ఎంచుకోమని కౌంటర్ దగ్గర ఒక బోర్డు పెట్టించండి. లేకపోతే డ్రాఫ్టు గోదాములోకి పోయి, అసలు థీసిస్ పెట్టిన రోజున తమరు 90 పైకి ఎగబాకుతారు. ఎవరి దగ్గర దోచుకున్నాడయ్యా అంటే అతని యూనివర్సిటీ పేరే చూపిస్తారు. అప్పుడు ఆ డ్రాఫ్టు తనదేనని స్కాలర్ లేఖ రాసి, గైడ్, హెడ్ సంతకాలు పెట్టించి, తొలగించమని అడ్మినిస్ట్రేటర్‌ను వేడుకోవాలి. ఆ లేఖ నమూనా లైబ్రరీలోనే దొరుకుతుంది. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి అందరూ దాన్నే కాపీ కొడతారు.