పింక్ ఫ్లాయిడ్ బూట్‌లెగ్‌లు వినడం దండగేనా?

రాక్ అభిమానుల మధ్య ఒక మాట ఎప్పుడూ తిరుగుతుంటుంది. కచేరీల్లో ప్రేక్షకులు చాటుగా తీసిన రికార్డింగులు, అంటే బూట్‌లెగ్‌లు, వినడం దండగ అని. దానికి నాలుగు కారణాలు చెబుతారు: పాటలు ప్రతి రాత్రీ అవే, కాబట్టి ఒక అధికారిక లైవ్ ఆల్బం చాలు, సౌండ్ ఘోరంగా ఉంటుంది, బ్యాండ్ ఆదాయానికి గండి పడుతుంది, అసలు ఇది దొంగతనం. ఈ వాదనకు ఎక్కువగా వాడుకునేది ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పేరే. స్టూడియోలో అంత చెక్కి చెక్కి చేసిన సంగీతాన్ని ఎవడో కోటులో దాచిన మైకుతో వినడమేంటి అంటారు. సరే, ఆ బ్యాండ్‌నే తీసుకుందాం.

"పాటలు ప్రతి రాత్రీ అవే." నాలుగింటిలో అన్నిటికన్నా బలహీనమైన మాట ఇదే. 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బం 1973 మార్చిలో వచ్చింది. కానీ 1972 జనవరి 20నే ఇంగ్లండ్‌లోని బ్రైటన్ డోమ్‌లో దాన్ని జనం ముందు వాయించడం మొదలుపెట్టారు. ఆ రాత్రి 'మనీ' దగ్గర పరికరాలు మొరాయించాయి. ఇక దీన్ని కొనసాగించలేమని బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ చెప్పి, వేరే సంగీతానికి వెళ్లిపోయారు. నెల తర్వాత లండన్ రెయిన్‌బో థియేటర్‌లో మొత్తం వాయించారు. ఆ కచేరీ బూట్‌లెగ్ వింటే మనకు తెలిసిన ఆల్బం సగమే కనిపిస్తుంది. 'ఆన్ ద రన్'లోని సింథసైజర్ పరుగు అప్పటికి పుట్టనే లేదు, దాని చోట గిటార్, కీబోర్డులతో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే ఒక జామ్ ఉంది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో ఆ గుండెలు పిండే గొంతు లేదు. గాయని క్లేర్ టోరీ వచ్చి పాడింది 1973 జనవరిలో కదా! అప్పటిదాకా ఆ భాగమంటే బ్యాండ్ కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ ఆర్గాన్, దాని మీద టేపులో వినిపించే బైబిల్ వాక్యాలూ ప్రసంగమూ. ఏడాది పాటు ఒక ఆల్బం జనం మధ్యే పెరిగింది. స్టూడియో రికార్డులో దొరికేది దాని చివరి రూపం మాత్రమే.

ఇదొక్కసారి జరిగిన సంగతీ కాదు. 1977 నాటి 'యానిమల్స్'లో ఉన్న 'షీప్', 'డాగ్స్' అనే పాటలు 1974లోనే 'రేవింగ్ అండ్ డ్రూలింగ్', 'యూ హావ్ గాట్ టు బి క్రేజీ' అనే పేర్లతో, వేరే సాహిత్యంతో వేదిక ఎక్కాయి. ఇక 1977 టూర్ సంగతి. చెప్పుకోదగ్గ అధికారిక లైవ్ ఆల్బం ఏదీ రాని టూర్ అది. అమెరికాలోని ఓక్‌లాండ్‌లో మే 9న 'కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్' అనే పాత పాటను ఉన్నట్టుండి వాయించారు, మళ్లీ ఎప్పుడూ వాయించలేదు. ఆ రాత్రి హాల్లో లేనివాళ్లకు అది దక్కిందంటే టేపర్ల, అంటే చాటుగా రికార్డు చేసేవాళ్ల, పుణ్యమే. అన్నట్టు, ఆ టూర్‌లో వాటర్స్ 'పిగ్స్' పాట మధ్యలో ఒక అంకె అరిచేవారు. అది టూర్‌లో ఎన్నో కచేరీయో చెప్పే లెక్క. తేదీ రాయని క్యాసెట్ ఏ ఊరిదో పట్టుకోవడానికి అభిమానులకు ఆ అరుపు భలే పనికొచ్చింది.

"సౌండ్ ఘోరం." చాలావాటి విషయంలో నిజమే, దాన్ని కప్పిపుచ్చను. పక్కవాడి ఈలలు, ఎవరిదో దగ్గు, కాపీకి కాపీ తీస్తూ పోయిన నాలుగో తరం క్యాసెట్‌లో మిగిలిన బుసబుస. కానీ అన్నీ అలా ఉండవు. లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో మైక్ మిల్లార్డ్ అనే టేపర్ ఉండేవాడు, 1994లో చనిపోయాడు. నకమిచి క్యాసెట్ రికార్డర్, ఏకేజీ మైకులు వాడేవాడు. సామాను లోపలికి చేర్చడానికి చక్రాల కుర్చీలో కూర్చుని వెళ్లేవాడని ప్రసిద్ధి. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజిలెస్ స్పోర్ట్స్ అరీనాలో అతను తీసిన పింక్ ఫ్లాయిడ్ కచేరీ అభిమానుల మధ్య దశాబ్దాల పాటు చేతులు మారింది. 2025లో 'విష్ యూ వర్ హియర్' యాభై ఏళ్ల ఎడిషన్ తెచ్చినప్పుడు అదే టేపును సంగీతకారుడు, సౌండ్ నిపుణుడు స్టీవెన్ విల్సన్ చేత శుభ్రం చేయించి అందులో పెట్టారు. బ్యాండ్ తన ఆల్బంలో కలుపుకున్న రికార్డింగును చెత్త అంటే ఎలా?

"ఆదాయానికి గండి." 1972 రెయిన్‌బో కచేరీ బూట్‌లెగ్ ఎల్పీగా, అంటే గ్రామఫోన్ రికార్డుగా, బయటికొచ్చింది. లక్షకు పైగా అమ్ముడైందని చెబుతారు. ఏడాది తర్వాత వచ్చిన అసలు ఆల్బం 1988 నాటికి అమెరికా ఆల్బంల అమ్మకాల జాబితా అయిన బిల్‌బోర్డ్ చార్టులో 741 వారాలు గడిపింది. బూట్‌లెగ్ వల్లే అంతలా ఆడిందని నేననను, అది తిక్క వాదన అవుతుంది. నష్టం మాత్రం ఎక్కడా కనపడదు. అయితే సగం ఉడికిన పనిని తమను అడగకుండా ఎవరో అమ్ముకుంటే సంగీతకారులకు ఒళ్లు మండటం న్యాయమే.

"దొంగతనం." ఇక్కడ చట్టం నా వైపు లేదు. కళాకారుల అనుమతి లేకుండా కచేరీ రికార్డు చేయడాన్ని అమెరికా 1994లో ఫెడరల్ చట్టంతో అడ్డుకుంది. మన కాపీరైట్ చట్టంలోనూ అదే ఏడాది సవరణతో ప్రదర్శకుల హక్కు చేరింది. కాబట్టి టేపర్లందరూ అమాయకులు అనలేం. కానీ ఈ ఆరోపణ ఇద్దరు వేర్వేరు మనుషుల్ని ఒకే గాటన కడుతుంది. తీసి దాచుకుని తోటి అభిమానులతో మార్చుకునేవాడు ఒకడు, ఆ కాపీ సంపాదించి ఎల్పీలు కొట్టించి అమ్ముకునేవాడు ఇంకొకడు. మిల్లార్డ్ లాంటివాళ్లు రెండో రకాన్ని చూసి మండిపడేవాళ్లే. తను ఇచ్చిన కాపీల్లో గుర్తులు పెట్టేవాడట, ఎవరి ద్వారా బయటికి పొక్కిందో పట్టుకోవడానికి.

బ్యాండ్ ఏం చేసిందో కూడా చూడాలి. 2022 డిసెంబరులో పింక్ ఫ్లాయిడ్ పెద్ద ప్రచారమేమీ లేకుండా 1972 నాటి 18 కచేరీలను స్ట్రీమింగ్‌లో పెట్టింది. యూరప్‌లో ఒక రికార్డింగును యాభై ఏళ్లలోపు విడుదల చేయకపోతే దాని మీద హక్కు పోతుంది, కాబట్టి కారణం ఊహించడం కష్టం కాదు. వాటిలో చాలావాటి సౌండ్ బూట్‌లెగ్ సౌండే, జనం మధ్య కూర్చుని తీసినవని వినగానే తెలుస్తుంది. రెయిన్‌బో కచేరీ కూడా వాటిలో ఉంది.