నల్గొండకు అవగాహన లేదట!

మార్చి 22 ప్రపంచ నీటి దినం కదా, ఫోన్‌కు ఆహ్వానపత్రం వచ్చింది. ‘నీరు మానవ హక్కు: ఫ్లోరైడ్ బాధిత గ్రామీణులకు అవగాహన సదస్సు’. నిర్వాహకుల పేరు చెప్పను. భోజనాలున్నాయట, వెళ్లాల్సి రావచ్చు.

అవగాహన! ఆ మాట దగ్గరే నాకు పొలమారింది.

సారాంశం కూడా పంపారు. 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ మంచినీరు మానవ హక్కేనని తేల్చింది. అనుకూలం 122, వ్యతిరేకం సున్నా. 41 దేశాలు తటస్థం, అంటే మనిషికి దాహం వేస్తుందా లేదా అన్నది వాళ్ల పరిశీలనలో ఉందన్నమాట. ఈ శుభవార్తను నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దాకా మోసుకెళ్లడమే సదస్సు లక్ష్యం.

పాపం, ఆ ఊళ్లవాళ్లకు తెలియదు. తెలియకనే కాబోలు, అంతకు 14 ఏళ్ల ముందు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపు మీద నల్గొండ స్థానానికి మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. ఆ పోలింగ్ బూత్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. తాత లోపలికెళ్లాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. బయట వరసలో గొణుగుడు: ‘ముసలాయన ఇంకా రాడేందిరా?’ ‘సగం దాకా వచ్చిండట, ఆగు.’ 480 మందికీ తలా ఒక ఏజెంటు వస్తే కూర్చోబెట్టడానికి బడి గోడ పడగొట్టాలి. తాత ముద్రేసి మడవబోతే పుస్తకం మడవదు. మడిచినా పెట్టె సందులో దూరదు.

సర్కారు కదిలింది. నిజం, ఆ ఏడాదే కదిలింది! ఆగస్టు నుంచి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. గుర్తింపు పార్టీ అండ లేనివాడికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. (తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలోనూ అదే ఏడు 1,033 మంది నిలబడ్డారు, ఆ పుణ్యం వాళ్లకూ కొంత దక్కాలి.) నీళ్లడిగితే నామినేషన్ రేటు పెంచారు.

ఎముకల్ని వంచే ఫ్లోరైడ్‌ను నీళ్లలోంచి తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. పేరు దేశాలు తిరిగింది, నీళ్లు మాత్రం ఊరికి రాలేదు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేసింది ఆ జిల్లాలోనే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని రాసుకున్నవాళ్లకు తెలుసు, బోర్లు వేయించినవాళ్లకు తెలుసు, ఓట్లడిగినవాళ్లకు తెలుసు. తెలిసీ తరాల తరబడి పిల్లల కాళ్లు వంకర్లు పోతుంటే చూస్తూ కూర్చున్నారు. ఎవడికయ్యా అవగాహన లేనిది? మిషన్ భగీరథ నల్లా వచ్చింది, మంచిదే. నల్లా తిప్పితే నీళ్లొస్తాయి, కొంకర్లు పోయిన ఎముక తిరిగి రాదు.

ఆహ్వానంలో చివరి అంశం: ‘జల ప్రతిజ్ఞ. అందరూ నిటారుగా నిలబడి, కుడిచేయి ముందుకు చాచవలెను.’

అయ్యా, మీ ముందు వరసలో కూర్చోబెట్టే ముసలివాళ్లలో మోచేయి చాపగలిగేది ఎందరో కనుక్కుని, అప్పుడు పంపండి ఈ కార్డు.