బెత్తం మానేస్తే చాలదు, మెచ్చుకోవడమూ నేర్చుకోవాలి

బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం పోలేదు. కారణం టీచర్ల కర్కశత్వమే అనుకుంటే పొరపాటు. ఒక్క దెబ్బ పడగానే క్లాసు గప్‌చుప్ అవుతుంది. ఆ నిశ్శబ్దమే టీచరుకు దక్కే బహుమతి, అందుకే మర్నాడూ చెయ్యి బెత్తం మీదికే పోతుంది. పిల్లాడు మాత్రం సారు చూస్తున్నంతసేపే ఊరుకోవాలని నేర్చుకుంటాడు.

బెత్తం వదిలేసి చాక్లెట్లు పంచినవాళ్లు వారం తిరక్కుండానే ‘పిల్లలు నెత్తికెక్కారు’ అంటారు. అక్కడ లోపం మంచి పనిని మెచ్చుకునే పద్ధతిలో లేదు, వాడిన తీరులో ఉంది.

‘బుద్ధిగా ఉండండి’ అంటే దేన్ని లెక్కపెడతాం? ‘మాట్లాడాలంటే చెయ్యెత్తాలి’ అంటే లెక్కపెట్టొచ్చు. ముందు ఆ ఒక్కటే పట్టుకోవాలి. ఐదు రోజులపాటు ఏమీ మార్చకుండా, ఒకే పీరియడ్‌లో ఎన్నిసార్లు చెయ్యెత్తకుండా అరిచారో డైరీలో గీతలు పెట్టుకోవాలి. సగటున 20 వస్తే మొదటి లక్ష్యం 15. సున్నా అని పెడితే ఎవరూ గెలవరు, మూడో రోజుకే ఆట ముగుస్తుంది.

మెచ్చుకోలు అప్పటికప్పుడు అందాలి, దేనికో తెలియాలి. ‘వెరీ గుడ్’ గాల్లో కలిసిపోతుంది. ‘జవాబు తెలిసినా చెయ్యెత్తి ఆగావు, బాగుంది’ అంటే పిల్లాడికి గుర్తుంటుంది. మొదటి రెండు వారాలు ప్రతిసారీ చెప్పి, తర్వాత అప్పుడప్పుడూ చెబితే చాలు. ఎనిమిదో తరగతి పిల్లల్ని అందరిముందూ పొగిడితే సిగ్గుతో ముడుచుకుపోతారు. బెంచీ దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాలి. ‘వాణ్ని చూసి నేర్చుకో’ అనడం మాత్రం మెచ్చుకోలు కాదు, పక్కవాడికి అది దెబ్బే.

టీచరు దృష్టి కోసమే చేసే అల్లరిని పట్టించుకోకపోతే తగ్గేముందు ఒకసారి పెరగొచ్చు. చాలామంది ఓపిక అక్కడే తెగుతుంది. ఆరోజు కేకలేస్తే, ఇంకా గట్టిగా అల్లరి చేస్తే సారు దిగొస్తారని మనమే నేర్పినట్టు. అయితే తోటివాణ్ని కొట్టడాన్ని చూసీచూడనట్టు వదలకూడదు. వెంటనే విడదీయాలి.

అమెరికాలో 1969లో ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేసి, నియమం తప్పినప్పుడల్లా బోర్డు మీద జట్టు పేరుకింద గీత పెట్టారు. గీతలు తక్కువున్న జట్టుకు ముందుగా భోజనానికి వెళ్లడం వంటి చిన్న అవకాశాలు దక్కేవి. రెండు జట్లూ హద్దులో ఉంటే ఇద్దరూ గెలిచినట్టే. అల్లరి బాగా తగ్గింది. ఆట ఆపగానే మళ్లీ పెరిగింది. అందుకే దీన్ని ఒక్కసారిగా మానకూడదు. మన బడిలో దీన్నే తిరగేసి, మంచి పనికి గీత పెట్టొచ్చు. సంపాదించిన గీతను కోపంతో చెరిపేస్తే మాత్రం అది మళ్లీ శిక్షే.

బెత్తం ఫలితం క్షణంలో కనిపిస్తుంది, దీనికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో 40 మంది పిల్లలతో ఒంటరిగా నెగ్గుకొచ్చే టీచరు డైరీలో 20 గీతలు 14 అయిన రోజున, హెడ్‌మాస్టరు ఆ క్లాసుకు వెళ్లి ఆ మాట ఆవిడతో చెప్పాలి.