‘నచ్చకపోతే మానెయ్’ అనేవాళ్లకు

ఒక వాదన ఈ మధ్య తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పెట్టుబడిదారీ వ్యవస్థలో ఎవరూ ఎవరినీ పనికి బలవంతపెట్టరు, నచ్చకపోతే మానెయ్యొచ్చు. పని చేయకపోతే ఆకలి తప్పదన్నది ప్రకృతి నియమం, యజమాని పెట్టిన రూలు కాదు. కష్టపడితే కూలివాడూ యజమాని కావచ్చు. అసలు ‘పని చేయనివాడికి తిండి లేదు’ అన్నది కమ్యూనిస్టులే.

మొదటి మాట. బలవంతం లేదన్న సంగతి మార్క్స్‌కి తెలియనట్టు మాట్లాడటమే పొరపాటు. 1867లో అచ్చయిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఆయనే ఒప్పుకున్నాడు: కార్మికుడు బానిస కాడు, చట్టం ముందు యజమానితో సమానుడు, తన శ్రమశక్తిని గడువు పెట్టి తానే అమ్ముకుంటాడు. అతని మీద కొరడా ఎత్తాల్సిన పని లేదు. భూమి, యంత్రం, ముడిసరుకు ఏదీ అతని చేతిలో లేదు కాబట్టి తనే వస్తాడు. ఒక యజమానిని వదిలి ఇంకో యజమాని దగ్గరికి పోవచ్చు. ఏ యజమానీ వద్దనుకుంటే మాత్రం పూట గడవదు.

రెండో మాటలో కొంత నిజం ఉంది, అందుకే చాలామంది దానికి పడిపోతారు. శ్రమ లేకుండా మనిషి బతకలేడని, ఏ సమాజానికైనా అది ప్రకృతి పెట్టిన శాశ్వత షరతని మార్క్స్ కూడా అదే పుస్తకంలో రాశాడు. అయితే పని చేయక తప్పకపోవడం ఒకటి, పని చేయడానికి ఇంకొకరి అనుమతి కావలసి రావడం మరొకటి. రెండోదాన్ని మనుషులే తయారుచేశారు, చాలాచోట్ల చట్టం పెట్టి మరీ.

థామస్ పీల్ అనే ఇంగ్లీషు దొర సంగతి చూడండి. 1829లో డబ్బు, సామగ్రి, పనివాళ్లు అన్నీ వెంటబెట్టుకుని పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నది దగ్గరికి వలస వెళ్లాడు. అక్కడ వలసదారులకు భూమి తేలిగ్గా దొరికేది. వెంట వచ్చినవాళ్లు తలో దారీ పట్టారు. చివరికి దొరగారికి పక్క వేయడానికి, నది నుంచి నీళ్లు తేవడానికి కూడా ఒక్క పనిమనిషి మిగల్లేదని వలసల నిపుణుడు ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ రాశాడు. మార్క్స్ దీన్ని ఎత్తిచూపి ఎగతాళి చేశాడు: పాపం, పీల్ అన్నీ తెచ్చుకున్నాడు, ఇంగ్లండులోని ఉత్పత్తి సంబంధాలను, అంటే భూమి లేని కూలివాడు యజమాని దగ్గరికి రాక తప్పని పరిస్థితిని తప్ప! దీనికి వేక్‌ఫీల్డ్ చెప్పిన మందు ఇంకా ఆసక్తికరం. కాలనీల్లో ఖాళీ భూమికి ప్రభుత్వం కావాలనే ఎక్కువ ధర కట్టాలట, అప్పుడు వలస వచ్చిన కూలివాడు కొన్నేళ్లయినా కూలి చేయక తప్పదట. (అక్కడి మూలవాసుల నేలను ‘ఖాళీ’ అనడం ఇంకో దారుణం.) కూలి బతుకు ప్రకృతి నియమమే అయితే, కూలీలు దొరకడానికి సర్కారు భూమి రేటు పెంచడం దేనికి?

అంతకు చాలా ముందే ఇంగ్లండులో ఇదే పని మొరటుగా జరిగింది. 1547 నాటి చట్టం ప్రకారం పని చేయకుండా తిరిగేవాడి ఛాతీ మీద ‘వి’ అక్షరం (ఇంగ్లీషులో ‘వ్యాగబాండ్’, అంటే దేశదిమ్మరి) వాత పెట్టి, పట్టిచ్చినవాడికే రెండేళ్లు బానిసగా అప్పగించవచ్చు.

మూడో మాట, ఎవరైనా యజమాని కావచ్చన్నది. కొందరు అవుతారు, కాదనను. తత్వవేత్త జి.ఎ. కోహెన్ 1983లో దీనికి చక్కటి జవాబు రాశాడు. తాళం వేసిన గదిలో పదిమంది ఉన్నారు, తాళంచెవి ఒక్కరికే పనికొస్తుంది. వాళ్లలో ఎవరైనా బయటపడవచ్చు, అందరూ బయటపడలేరు. అందరూ యజమానులైపోతే కూలికి వచ్చేదెవరు?

నాలుగోది గట్టి దెబ్బే, దాన్ని దాచిపెట్టే మార్క్సిస్టులతో నాకు పేచీ ఉంది. ‘పని చేయనివాడికి తిండి లేదు’ అన్నది బైబిల్లో పౌలు పేరుతో ఉన్న లేఖలోని మాట. దాన్ని లెనిన్ అందిపుచ్చుకున్నాడు, 1918 నాటి సోవియట్ రష్యా రాజ్యాంగంలోకి, 1936 రాజ్యాంగంలోకి ఎక్కించారు. 1940లో అనుమతి లేకుండా ఉద్యోగం మానేయడం నేరమైపోయింది. ‘నచ్చకపోతే మానెయ్’ అనే ఆ కాస్త స్వేచ్ఛ కూడా అక్కడ పోయింది. ఇది విముక్తి అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

కానీ దాన్ని మార్క్స్ ఖాతాలో వేయడం కుదరదు. 1875లో జర్మనీ కార్మిక పార్టీ ముసాయిదా అయిన గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ, కమ్యూనిస్టు సమాజపు తొలి దశలో శ్రమను బట్టే పంపకం ఉంటుందని ఆయన అన్నమాట నిజమే. అయితే పని చేయలేనివాళ్ల కోసం నిధి ముందే తీసి పక్కన పెట్టాలనీ అక్కడే ఉంది. ఆయన చనిపోయాక 1894లో సహచరుడు ఎంగెల్స్ అచ్చు వేయించిన ‘పెట్టుబడి’ మూడో సంపుటం ఇంకా స్పష్టంగా చెబుతుంది: అవసరం కోసం చేసే పని ఎక్కడ ఆగుతుందో అక్కడే అసలైన స్వేచ్ఛ మొదలవుతుంది, దానికి మూలం పనిగంటలు తగ్గడమే.

అందుకే 1847లో ఇంగ్లండు బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు రోజుకు పదిగంటల పరిమితి పెట్టిన చట్టాన్ని మార్క్స్ కార్మికవర్గ విజయంగా లెక్కించాడు. దాన్ని అడ్డుకున్నవాళ్లూ స్వేచ్ఛ పేరే చెప్పారు: ఎన్ని గంటలు పని చేయాలో ఒప్పందం చేసుకునే హక్కును ప్రభుత్వం లాగేసుకుంటోందని. చట్టం వచ్చాక మిల్లులు మూతపడలేదు. 1850లలో ఇంకా పెరిగాయి.