కోతి మలమే దాని వాంగ్మూలం

పంటల మీద పడుతున్న కోతులను పట్టించి నల్లమలలో వదిలిపెట్టాలన్న మాట ఉదయగిరి మొదలు గిద్దలూరు దాకా తరచూ వినిపించేదే. పట్టి తరలించాక ఆ జంతువు ఒంట్లో ఏం జరుగుతోందని మాత్రం ఎవరూ అడగరు.

నిజానికి అది తెలుసుకోవడానికి దాన్ని తాకనవసరమే లేదు. భయం, ఆకలి, తరుముడు ఎదురైనప్పుడు మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. కాలేయం దాన్ని విడగొట్టి పైత్యరసంతో పేగుల్లోకి పంపగా, ఆ అవశేషాలు మలంలో బయటికి వస్తాయి. రక్తం తీయాలంటే వల వేయాలి, మత్తు సూది గుచ్చాలి. ఆ పెనుగులాటకే కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ పెరిగిపోతుంది కాబట్టి, మనకు చిక్కేది మన చేతుల్లో పడ్డాక పుట్టిన భయమే. మలంలోనైతే గడిచిన కొన్ని గంటల సగటు కనిపిస్తుంది. చింతచెట్టు కింద ఓపికగా కూర్చుని, ఏ కోతి విసర్జించిందో కళ్లారా చూసి, మూత్రం తగలని భాగాన్ని పుల్లతో తీసి, ఆల్కహాల్ సీసాలో వేసి, ఆడదో మగదో, వేళ ఎంతో రాసుకోవాలి. ఆలస్యం చేస్తే సూక్ష్మజీవులు ఆ అవశేషాలను మార్చేస్తాయి. ఎదిగినవి 2,500 లోపే మిగిలిన పడమటి కనుమల సింహవాలపు కోతి వంటి జాతులకు ఇంతకంటే మర్యాదైన పరీక్ష లేదు.

ఒక్క నమూనాతో ఏమీ తేలదనేవారి మాట నిజమే. చూలు, మేత, రోజులో వేళ కూడా అంకెలను మారుస్తాయి, అందుకే ఒకే జంతువు నుంచి పదే పదే సేకరించాలి. పంట పోయిన రైతు ముందు కోతి బాధ ఎంతన్న వాదనలోనూ న్యాయముంది. అయితే తరలించిన గుంపు అడవిలో ఇమడలేక మరో ఊరి మీద పడితే నష్టపోయేదీ రైతే.

నన్ను అసలు కలవరపెట్టేది వేరు. ఈ పనిలో ఆరితేరిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) వారి లాకోన్స్ అనే, అంతరించిపోయే జాతుల సంరక్షణ ప్రయోగశాల హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది. అది కేంద్ర సంస్థే కావచ్చు, కానీ 2014 తర్వాత కూడా మన కొండల నమూనా కృష్ణ దాటితే తప్ప ఫలితం రాదంటే అది మన అలసత్వమే. హార్మోన్లను కొలిచే ఎలైజా పరీక్ష నెల్లూరు ఆసుపత్రులకు కొత్త కాదు. రోగక్రిములను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించనిదే రొయ్య పిల్లను చెరువులోకి వదలని రైతులున్న జిల్లా ఇది. కోతులను మాత్రం ఏ పరీక్షా లేకుండానే లారీకెక్కిస్తాం. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఒక చిన్న హార్మోన్ల ప్రయోగశాల పెట్టి, తరలింపుకు ముందు నెల రోజులు, తర్వాత నెల రోజులు ఆ గుంపుల మలాన్ని పరీక్షించాలి. ఆ రెండు వరుసల అంకెలూ జిల్లా కలెక్టర్ బల్ల మీదకు వచ్చేదాకా మరో బోను తెరవకూడదు.