మార్టీకి ట్రక్కు దొరికింది సరే, జార్జి ఏమయ్యాడు?

‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమా చూడనివాళ్ళు మన తెలుగు సంఘంలో ఉండరనే ధైర్యంతో నేరుగా ముగింపులోకే వెళ్తున్నాను. 1985 నాటి కుర్రాడు మార్టీ మెక్‌ఫ్లై టైం మెషిన్‌లో తన అమ్మానాన్నలు బడిలో చదువుకునే 1955లోకి వెళ్ళి తిరిగొస్తాడు. పొద్దున లేచి హాల్లోకి వస్తే ఇల్లు ఇల్లంతా మారిపోయి ఉంటుంది. కొత్త ఫర్నిచర్. అన్నయ్య సూటేసుకుని ఆఫీసుకి బయల్దేరుతున్నాడు. అమ్మానాన్నలు టెన్నిస్ ఆడి, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ లోపలికొస్తారు. బిఫ్ అనే సూపర్‌వైజర్ ఏమన్నా నవ్వి ఊరుకునే నాన్న జార్జి ఇప్పుడు రచయిత, మొదటి నవల అచ్చయి ఇంటికొచ్చింది. బిఫ్ బయట వీళ్ళ కారుకి వ్యాక్స్ రుద్దుతున్నాడు. గరాజ్ తలుపు తీస్తే, మార్టీ ఆశపడ్డ నల్లటి టొయోటా ట్రక్కు.

నాకీ సినిమా చాలా ఇష్టం. 2025లో నలభై ఏళ్ళు నిండాయని మళ్ళీ థియేటర్లకొస్తే వెళ్ళి చూశాను కూడా. కానీ ఆ పొద్దుటి సీను దగ్గర ప్రతిసారీ ఏదో మింగుడు పడదు. అదేమిటో మొన్న ఉగాదికి మన స్టేజీ మీద పిల్లలు వేసిన స్కిట్ చూశాక తెలిసింది.

ప్రోగ్రాం ఎప్పట్లాగే గంట ఆలస్యం. పంచాంగ శ్రవణం అయిపోయింది. పచ్చడి కప్పులు కుర్చీల కింద దొర్లుతున్నాయి, సగం మంది చూపు భోజనాల లైను మీదే ఉంది. అప్పుడొచ్చారు పిల్లలు, అట్టపెట్టెలకి అల్యూమినియం ఫాయిల్ చుట్టిన టైం మెషిన్ తోసుకుంటూ. కథ తెలిసిందే. కుర్రాడు 1994కి వెళ్తాడు, వాళ్ళ నాన్న డిగ్రీ చదువుకునే రోజుల్లోకి. నాన్న వేషం వేసిన అబ్బాయికి తలనిండా నూనె కారుతోంది. పొట్టి ప్యాంటు, హవాయి చెప్పులు, సైకిల్ హ్యాండిల్‌కి స్టీలు క్యారేజీ. ఇంగ్లీషులో నోరు తెరిస్తే ‘ఐ యాం... ఐ యాం సార్’ తప్ప రాదు. ఎవడో చెంప మీద కొడితే ‘థాంక్యూ సార్’ అంటాడు. హాలు దద్దరిల్లింది. కొడుకు వచ్చి కాన్ఫిడెన్స్ పాఠం చెబుతాడు, నాన్న ఒక్క గుద్దు గుద్దుతాడు, లైట్లు ఆరి వెలుగుతాయి. 2025. నాన్న సీఈఓ. ఇంటిముందు టెస్లా. అమ్మ పట్టుచీరలో సోఫా మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అప్పుడు చెంప మీద కొట్టినవాడు ఇప్పుడు వీళ్ళ లాన్ కోస్తున్నాడు. మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది.

నా వెనక వరసలో ఒక పెద్దాయన ఉన్నారు, మనవల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చినవారు. చప్పట్లు అయ్యాక ముందుకి వంగి నన్నడిగారు: “ఆ సైకిలబ్బాయి చేసిన తప్పేంటమ్మా?”

ఆ ప్రశ్న ఇంకా నన్ను వదల్లేదు. పిల్లల్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. వాళ్ళ తెలుగు శుభ్రంగా ఉంది, ఒక్క డైలాగూ తడబడలేదు. వాళ్ళు సినిమాకి నూటికి నూరుపాళ్ళు న్యాయం చేశారు. గుద్దు, కారు, పనివాడైపోయిన శత్రువు అన్నీ సినిమాలో ఉన్నవే. రాయించిన తల్లిదండ్రులం మనం, మార్కులేసింది మనం, పగలబడి నవ్వింది కూడా మనమే. హవాయి చెప్పులేసుకుని చదువుకుని వచ్చినవాళ్ళమే ఆ హాల్లో ముప్పాతిక మంది.

ముందు మార్టీ సంగతి చూద్దాం. వాడి మీద నాకు కోపం లేదు. చురుకైనవాడు. చేతిలో ఏది ఉంటే దాంతో గండం గట్టెక్కుతాడు. మైఖేల్ జె. ఫాక్స్ ఆ కంగారునీ ఆ హుషారునీ ఒకే ముఖంలో చూపించిన తీరుకి ఎవరైనా పడిపోతారు. అయితే కాస్త ఆలోచిస్తే, సినిమాలో సగం సేపు వాడు చేసేది తనని తాను కాపాడుకోవడమే. కారు కింద పడబోతున్న జార్జిని వాడు పక్కకు నెట్టడంతో అమ్మానాన్నల పరిచయం తప్పిపోతుంది, ఫొటోలో అన్నయ్యా అక్కా ఒక్కొక్కరే మాయమవుతూ ఉంటారు. నాన్నకి ధైర్యం నూరిపోసేది నాన్న కోసం కాదు, తను పుట్టడం కోసం. అందుకు వేసిన ప్లాను కూడా ఎలాంటిది? కారులో తనకి కాబోయే అమ్మ లొరేన్‌తో తను అసభ్యంగా ప్రవర్తించినట్టు నటించడం, జార్జి వచ్చి కాపాడటం. ఆ నాటకంలోకి బిఫ్ నిజంగానే ఊడిపడతాడు, జార్జి ఒక్క గుద్దుతో వాణ్ణి పడగొడతాడు, అక్కణ్ణుంచే అతని బతుకు మారిపోతుంది. లొరేన్ మీద చెయ్యి వేసిన ఆ మనిషిని ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఇంటి వాకిట్లో కారు తుడవడానికి పెట్టుకున్నారు! ఇది సరదాగా ఉందని ఎవరనుకున్నారో గానీ, ఒక ఆడపిల్ల తల్లిగా నాకు నవ్వు రాదు.

మార్టీకో భయం ఉంటుంది, గుర్తుందా? తన పాటల టేపు ఎక్కడికైనా పంపమంటే, వాళ్ళు బాగోలేదంటే తట్టుకోలేనంటాడు. 1955లో జార్జి తన కథలు ఎవరికీ చూపించకపోవడానికి అచ్చం అదే కారణం చెబుతాడు. ఆ ఒక్క క్షణం ఇద్దరూ తండ్రీకొడుకులని తెలిసిపోతుంది. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ముడి అది. జార్జి పుస్తకం అచ్చయింది. మార్టీ టేపు సంగతి? ఆ ఊసే ఎత్తరు. ట్రక్కు తాళాలు చేతికొచ్చాయి, ఇంకేం కావాలన్నట్టు వదిలేశారు. (చక్ బెర్రీ 1958లో విడుదల చేసిన పాటని ఈ తెల్లపిల్లాడు 1955లోనే వాయించి నల్లవాళ్ళ బ్యాండుకి వినిపించడం మీద నాకున్న పేచీ వేరే వ్యాసమే అవుతుంది.)

నిజానికి ఈ సినిమాకి రెండు ముగింపులున్నాయి. మొదటిది ఆ రాత్రి పార్కింగ్ లాట్‌లో. కారునే టైం మెషిన్‌గా మార్చిన సైంటిస్టు డాక్ బ్రౌన్‌కి మార్టీ 1955లోనే ఉత్తరం రాస్తాడు, ఫలానా రాత్రి నిన్ను కాల్చేస్తారు జాగ్రత్త అని. భవిష్యత్తు తెలియకూడదని డాక్ దాన్ని చింపేస్తాడు. మార్టీ ఆయన్ని కాపాడటానికని పది నిమిషాలు ముందుకి టైం పెట్టుకుని వస్తాడు. కారు మొరాయిస్తుంది, పరుగెత్తుకొస్తే ఆలస్యమైపోతుంది. కళ్ళముందే డాక్ కూలిపోతాడు. వాడు ఏడుస్తుంటే ఆయన లేచి కూర్చుంటాడు. లోపల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా. జేబులోంచి పసుపుపచ్చగా పాతబడిన ఆ ఉత్తరం తీస్తాడు, చింపిన ముక్కలన్నీ టేపుతో అతికించి. ముప్పై ఏళ్ళు దాచుకున్నాడన్నమాట. మార్టీ తనకేం లాభం చూసుకోకుండా చేసిన పని అదొక్కటే. సినిమా అక్కడే ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్నే కాదు.

రెండో ముగింపు నచ్చనిదాన్ని నేనొక్కదాన్నే కాదు. జార్జి వేషం వేసిన క్రిస్పిన్ గ్లోవర్‌కే అది నచ్చలేదు. డబ్బునే బహుమతిగా చూపిస్తే డబ్బే సుఖం అని చెప్పినట్టవుతుందని, ఆ కుటుంబానికి ప్రేమ దొరికితే చాలని తన వాదన అని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. రెండో భాగంలో అతను నటించలేదు. అతని రూపాన్ని వాడుకున్నందుకు కోర్టుకి కూడా వెళ్ళాడు.

ఇంకో సంగతి. ఈ కథ ఎక్కడ పుట్టిందో సినిమా రచయితల్లో ఒకడైన బాబ్ గేల్ చాలాసార్లు చెప్పాడు. అమ్మావాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాన్న హైస్కూల్ ఇయర్‌బుక్ కంటబడింది. నాన్నతో కలిసి అదే బడిలో చదివి ఉంటే మేమిద్దరం స్నేహితులం అయ్యేవాళ్ళమా అనుకున్నాడట. ఎంత చక్కటి ప్రశ్న! అలా మొదలైన కథ చివరికి నాన్నని మార్చేసి కొత్త నాన్నని ఇంటికి తెచ్చుకోవడం దగ్గర తేలింది.

మా నాన్నగారు గుమాస్తా. సమితులు పోయి మండలాలొచ్చిన రోజులు, అంటే సరిగ్గా ఈ సినిమా వచ్చిన కాలమే. ఆయన పైనున్న ఒక సీనియర్ సాయంత్రమయ్యేసరికి ఫైళ్ళ కట్టతో మా వాకిట్లో ప్రత్యక్షమయ్యేవాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, “రేపు పదింటికల్లా కావాలి మాస్టారూ” అని వెళ్ళిపోయేవాడు. నాన్న తల ఊపేవారు. రాత్రి భోజనాలయ్యాక చాప మీద కూర్చుని, స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీతలు గీసి, ఆ మనిషి రాయాల్సిన స్టేట్‌మెంట్లన్నీ ఆయన రాసేవారు. బిఫ్ రిపోర్టులు జార్జి రాసిపెట్టడం చూసినప్పుడు నాకు మా చాప గుర్తుకొచ్చింది. ప్రమోషన్ ఆ సీనియర్‌కే వచ్చిందని వేరే చెప్పాలా.

కానీ అదే మనిషి ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వరసకట్టేవారు. పింఛను ఆగిపోయినవాళ్ళు, పట్టా రానివాళ్ళు, కొడుకు బడి సర్టిఫికెట్టు కావాల్సినవాళ్ళు. అందరికీ అర్జీ రాసిపెట్టేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. వేలిముద్ర వేసేవాళ్ళకి రాసింది చదివి వినిపించి, “ఇదేనా నువ్వు చెప్పింది?” అని అడిగి గానీ వేయనిచ్చేవారు కాదు. ఆ ఓపికా ఫైళ్ళ ముందు తలవంచిన ఓపికా ఒకే మనిషివి. ఒకటి తీసేసి ఇంకొకటి ఉంచుకోవడం స్కిట్‌లో అవుతుందేమో.

ఇప్పుడు నాన్నగారు విజయవాడలో ఫ్లాట్‌లో ఉంటారు. వాకింగ్ షూస్, స్మార్ట్‌ఫోను, పార్కులో స్నేహితులతో రాజకీయాలు. అపార్ట్‌మెంట్ మీటింగులో సెక్రటరీని నిలదీశారట! నాకు సంతోషమే. అయినా వెళ్ళిన ప్రతిసారీ ఆ చాప మీది మనిషి కోసం వెతుక్కుంటాను. తెల్లారి హాల్లోకొచ్చిన మార్టీది కూడా ఇదే పరిస్థితి. పాత అమ్మానాన్నలు వాడొక్కడికే గుర్తు, వాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. సినిమా ఆ మాట ఎత్తకుండా తాళాలు చూపిస్తుంది.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్తే కొట్టిపారేసింది. “నీకేం, గుర్తు చేసుకుంటావు. ఆ సీనియర్‌కి రోజూ కాఫీ కలిపింది నేను. ఆ గుద్దేదో మీ నాన్న అప్పుడే గుద్ది ఉంటే నా నడుం మిగిలేది.” అమ్మ మాట తీసెయ్యలేను. మొదటి లొరేన్ రాత్రి భోజనాల దగ్గర వోడ్కా పోసుకుంటూ, తామిద్దరూ ఎలా కలిశారో కళ్ళలో జీవం లేకుండా చెబుతుంది. ఆవిడ టెన్నిస్ రాకెట్‌తో నవ్వుతూ రావడం చూసి కుళ్ళుకునేంత దుర్మార్గురాల్ని కాదు నేను. ఆవిడ వరకూ ఆ ముగింపు బాగుంది. లేమిని అందంగా చూసుకోవడం దాన్ని దాటొచ్చాక వచ్చే జబ్బు, మనందరికీ ఉంది. సంక్రాంతి సంచిక తిరగేస్తే ప్రతి కవితలోనూ పెంకుటిల్లే కనిపిస్తుంది, తిరిగి అందులో ఉండటానికి ఒక్కరూ సిద్ధంగా లేరు. నేను కూడా లేను.

కాబట్టి జార్జి బాగుపడకూడదని నేననడం లేదు. బాగుపడటానికి ముందు అతను మనిషి కాడన్నట్టు చూపించడం దగ్గరే నా బాధంతా. మన స్కిట్‌లో సైకిలబ్బాయికి ఒక్క మంచి డైలాగు లేదు. పాట రాదు, లెక్కలు రావు, స్నేహితుడు లేడు. 1994లో ఆ కాలేజీ మెట్లెక్కినవాడికి ఎంత తెగింపు ఉండాలో ఆ పిల్లలకి తెలిసే దారి లేదు, మనం చెప్పం కనుక. మనం వాళ్ళకి చెప్పేవి రెండే: మేము ఎంత కష్టపడ్డామో, మీరు ఎంత సుఖపడుతున్నారో. మధ్యలో మనం ఎలా నవ్వేవాళ్ళమో, ఏ సినిమాకి గోడ దూకామో, ఎవరికి భయపడ్డామో ఏనాడైనా చెప్పామా?

సాంస్కృతిక కమిటీ మిత్రులకి నా విన్నపం. ఈ వేసవిలో మన ఇళ్ళకి తాతయ్యలూ అమ్మమ్మలూ వస్తారు. మధ్యాహ్నాలు టీవీ ముందు గడవక ఇబ్బంది పడతారు. దసరాకి స్కిట్ వేసే పిల్లల్ని ఒక శనివారం వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. మీ అబ్బాయి మా వయసులో ఎలా ఉండేవాడు అని అడగమనండి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు అయినా ఫరవాలేదు. ఆ తర్వాత టైం మెషిన్ కథే రాసుకోనివ్వండి, చివర్లో టెస్లా కూడా పెట్టుకోనివ్వండి. స్కిట్ దరఖాస్తు ఫారంలో ‘పాత్రధారులు’, ‘ఎన్ని మైకులు’ అని గళ్ళున్నాయి కదా, ‘ఎవరిని అడిగి రాశారు’ అని ఇంకో గడి చేర్చండి. జడ్జీలు మార్కులేసే ముందు అది చూడాలి. నన్ను జడ్జీగా పిలవక్కర్లేదు, మైకులు సర్దడానికి వస్తాను.