మ్యాచ్ అయ్యాక రీసెర్చ్ ఎటుపోతోంది?

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి అమెరికా వచ్చిన మన కుర్ర డాక్టర్ల సీవీ చూస్తే, రీసెర్చ్ అంటే వీళ్లకి ప్రాణం కాబోలు అనిపిస్తుంది. కేస్ రిపోర్టులు, పోస్టర్లు, ఏదో యూనివర్సిటీలో జీతం లేకుండా నెలల తరబడి చార్టులు తిరగేయడం, పేపర్ మీద ఆరో పేరో ఏడో పేరో. రెసిడెన్సీ మ్యాచ్ అయిందా, అంటే ఏదో ఆస్పత్రిలో డాక్టర్ ట్రైనింగ్ సీటు ఖాయమైందా, అవన్నీ అటకెక్కుతాయి. వాళ్లనేం అనను. రీసెర్చ్ అంటే మ్యాచ్‌కి టికెట్ అని నూరిపోసింది మనమే. అదే బతుకుతెరువుగా పెట్టుకోవచ్చని చెప్పినవాళ్లెవరు?

అందుకే క్లినికల్ (రోగులతో చేసే), ట్రాన్స్‌లేషనల్ (ల్యాబ్ సంగతుల్ని వైద్యంలోకి తెచ్చే) రీసెర్చ్ కెరీర్ల కోసం యూనివర్సిటీలు పెట్టే కాన్ఫరెన్సులకి మనవాళ్లు మ్యాచ్ అయ్యాక కూడా వెళ్లాలంటాను. ల్యాబ్‌లో తేలిన సంగతి రోగి దాకా, ఆ తర్వాత మామూలు క్లినిక్ దాకా చేరడానికి సగటున 17 ఏళ్లు పడుతుందని ఈ రంగంలో తరచూ చెప్పే లెక్క. ఆ ఆలస్యం తగ్గించాలనే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2006లో సీటీఎస్ఏ అనే గ్రాంట్లు మొదలుపెట్టింది. మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. మందుల కంపెనీ లెడర్లే ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా (బ్లడ్ క్యాన్సర్) వచ్చిన పిల్లలకి ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. సుబ్బారావుగారి ఫోటోకి దండ వేయడం మనకి బాగా వచ్చు. ఆయన దారిలో వెళ్తానన్న అమ్మాయిని మాత్రం "ముందు ప్రాక్టీసులో చేరమ్మా, అవన్నీ తర్వాత" అంటాం.

నిజమే, భయాలు ఊరికే పుట్టలేదు. అన్నిటికంటే పెద్దది టైమ్. రీసెర్చ్ కెరీర్ మొదలుపెట్టే డాక్టర్లకి ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే23 లాంటి అవార్డు (గ్రాంటు) వస్తే సాధారణంగా మీ పని వేళల్లో కనీసం 75 శాతం రీసెర్చ్‌కే వదిలేయాలి. కాగితం మీద డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటుంది, తర్వాత ఎవరో సెలవు పెడితే ఆ క్లినిక్ మీ నెత్తిన పడుతుంది, ఇంకో నెలలో ఇంకేదో పడుతుంది, గ్రాంట్ రాయడం రాత్రి పదకొండు తర్వాత మొదలవుతుంది. కాబట్టి కాన్ఫరెన్సులో స్టేజీ మీది పెద్దల మాటలు విన్నా, విరామంలో మాత్రం అవార్డు వచ్చి రెండేళ్లయినవాళ్లని పట్టుకుని అడగండి: మీకు నిజంగా వారంలో ఎన్ని రోజులు దొరుకుతున్నాయి? మెంటర్ మీ డ్రాఫ్టు ఎన్నాళ్లకి చదువుతారు?

ఇక వీసా. దీని గురించి స్టేజీ మీద ఎవరూ మాట్లాడరు, మనకేమో అసలు టెన్షన్ అదే. కే23కైనా, అలాంటిదే అయిన కే08కైనా సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో ఉండాలి, మన గ్రీన్ కార్డు క్యూ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎన్‌ఐహెచ్‌దే ఇంకో అవార్డు కే99కి ఆ షరతు లేదు, ఆ సంగతే మనవాళ్లలో చాలామందికి తెలీదు. జే-1 వీసా మీద వచ్చి, ట్రైనింగ్ అయ్యాక స్వదేశానికి తిరిగెళ్లక్కర్లేకుండా కాన్రాడ్ వెయివర్ (మినహాయింపు) తీసుకుంటే డాక్టర్లు చాలని చోట మూడేళ్లు ఫుల్‌టైమ్ పనిచేయాలి, అక్కడ రీసెర్చ్ సాగించడం కష్టం. ఈ లెక్క రెసిడెన్సీ తర్వాత చేసే ఫెలోషిప్ చివర్లో కాదు, రెసిడెన్సీలోనే వేసుకోవాలి.

ఇక్కడే పుట్టి, మెడికల్ స్కూల్ అప్పులతో ఉన్న పిల్లలకైతే ఎన్‌ఐహెచ్ లోన్ రీపేమెంట్ కింద ఏడాదికి 50,000 డాలర్ల దాకా తీర్చే వీలుంది. ప్రాక్టీసు జీతంతో పోలిస్తే తక్కువే, కాదనను.

మన తెలుగు సంఘం మహాసభల్లో డాక్టర్లకి సీఎంఈ (వృత్తిలో ఉన్నవాళ్ల శిక్షణ క్లాసులు) ఎలాగూ పెడుతున్నాం. అందులో ఒక గంట, గ్రాంట్ తిరగ్గొట్టించుకుని మళ్లీ రాసి తెచ్చుకున్న మన తెలుగు డాక్టర్ ఒకరికి ఇద్దాం. సినీతారల టైమ్‌లోంచి కోయమనడం లేదు లెండి, అంత ధైర్యం నాకూ లేదు.